మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, పంప్ మాత్రం తిరగదు

పెట్రోల్ కారులో సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. బండిని తాడు కట్టి షెడ్డుకు చేరిస్తే చాలాసార్లు మొదట వినిపించే తీర్పు "ఫ్యూయల్ పంప్ పోయింది" అనే. వేలు పెట్టి పంప్ మార్చాక బండి కదులుతుంది. కొన్నాళ్లకు అదే తీరుగా మళ్లీ ఆగుతుంది. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఎక్కువగా దొరుకుతుండటంతో ఇప్పుడు నింద దాని మీదికి కూడా పోతోంది. ఇథనాల్ తెచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. పంప్ అసలు తిరగకపోయినా, తిరిగీ తిరగనట్టు తిరిగినా ముందు వెతకాల్సింది కరెంట్ దారిలో.

సంక్షిప్తంగా

పంప్ కప్లర్ (తీగల్ని పంప్‌కు కలిపే ప్లగ్గు) విప్పి మీటర్ పెడితే 12 వోల్టులు కనిపించడం తీగ బాగుందనడానికి రుజువు కాదు. కరెంట్ పారుతున్నప్పుడు ఎన్ని వోల్టులు మిగులుతున్నాయో చూడాలి. పంప్‌కు కరెంట్ ఇచ్చే స్విచ్ లాంటిది రిలే. తాళం తిప్పగానే వచ్చే రెండు సెకన్ల శబ్దం, అది రాకపోతే రిలే సాకెట్ దగ్గర చేసే పరీక్ష, ఈ రెండూ కలిసి తప్పు రిలేకు ఆజ్ఞ ఇచ్చే వైపు ఉందా, పంప్‌కు కరెంట్ మోసే వైపు ఉందా అనేది చాలావరకు చెప్పేస్తాయి. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు బండ్లలో వాన నీటికి పట్టిన చిలుము, ఎలుక కొరికిన తీగలు, తర్వాత బిగించిన ట్రాకర్ల అతుకులు ముందు అనుమానించాల్సినవి.

రిలే దగ్గర కలిసే రెండు దారులు

కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800లో పెట్రోల్‌ను ఇంజనే నడిపే డయాఫ్రం పంప్ లాగేది. దానికి తీగతో పని లేదు. ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చాక పంప్ ట్యాంకులో మునిగి ఉండే చిన్న డీసీ మోటార్ అయింది. ఇంజెక్టర్ల దగ్గర సుమారు 3 నుంచి 4 బార్ ఒత్తిడి నిలపడం దాని పని. అందుకు మామూలు చిన్న కార్లలో 4 నుంచి 7 ఆంపియర్లు తీసుకుంటుంది.

ఆ ఆంపియర్లు నడిచే దారి పొడవైనది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ పిన్ను, లోపలి కాంటాక్టు దాటి 87వ పిన్ను, తర్వాత గుమ్మం పట్టీ కిందుగా వెనక సీటు దాకా వైరింగ్, ట్యాంకు పైన కప్లర్, పంప్, ఎర్త్ బోల్టు, చివరికి బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్. పాత ఫోర్డ్, ఫియట్ బండ్లలో మధ్యలో ఇనర్షియా స్విచ్ కూడా ఉంటుంది. గట్టిగా గుద్దుకుంటే పంప్‌ను ఆపడానికి పెట్టిన ఆ స్విచ్, ఒక్కోసారి పెద్ద గుంతలో పడ్డా ఎగిరిపోతుంది. దాని బటన్ నొక్కితే చాలు, బండి కదిలిపోతుంది. ఈ సంగతి తెలియక పంపులు మార్చిన సందర్భాలూ ఉంటాయి.

రెండో దారి చిన్నది. రిలే లోపలి కాయిల్ 85, 86 పిన్నుల మధ్య ఉంటుంది. సాధారణంగా ఒక వైపు తాళం నుంచి 12 వోల్టులు వస్తాయి, రెండో వైపు ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఎర్త్ ఇస్తుంది, అంటే నెగెటివ్‌తో కలుపుతుంది. కాయిల్ నిరోధం 70 నుంచి 100 ఓమ్‌ల వరకు ఉంటుంది కాబట్టి అందులో పారేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా కాదు. రిలే టిక్కుమంటే ఈ చిన్న దారి బాగున్నట్టు. అంతకు మించి ఆ శబ్దానికి అర్థం లేదు. కాంటాక్టు మసిబారితే రిలే టిక్కుమంటూనే ఉంటుంది, పంప్‌కు కరెంట్ మాత్రం వెళ్లదు.

తాళం తిప్పిన మొదటి రెండు సెకన్లు

తాళం ఆన్ చేయగానే ఈసీఎం రెండు మూడు సెకన్లు పంప్‌ను తిప్పి, సెల్ఫ్ కొట్టకపోతే ఆపేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నట్టు, ఆ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం అందితేనే మళ్లీ ఆన్ చేస్తుంది. ప్రమాదంలో ఇంజన్ ఆగితే పెట్రోల్ కారకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు ఇది. బండిలో తప్పు వెతకడానికీ ఇదే మంచి ఆధారం.

పెట్రోల్ మూత దగ్గర గానీ వెనక సీటు మీద గానీ చెవి పెట్టి, ఇంకొకరితో తాళం తిప్పించాలి. సన్నని గుయ్‌మన్న శబ్దం వచ్చి ఆగి, సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోకపోతే ఫ్యూజు, రిలే, తీగ, పంప్ కనీసం కొంతవరకైనా పనిచేస్తున్నట్టే. అప్పుడు క్రాంక్ సెన్సర్ చూడాలి. స్కానర్‌లో సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం సున్నాగా ఉంటే, లేదా ఆ సెన్సర్ తప్పును సూచించే పి0335 కోడ్ ఉంటే, పంప్ జోలికి పోవాల్సిన పని లేదు. సెల్ఫ్ లాగేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి జారినా ఇదే కనిపిస్తుంది. మామూలుగా తిరిగే పంప్, సెల్ఫ్ కొట్టే ఆ క్షణంలోనే చాలినంత వోల్టేజీ అందక నీరసపడుతుంది.

శబ్దమే లేకపోతే రిలే దగ్గరికి వెళ్లాలి. అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడటం ఇక్కడి షెడ్లలో అందరూ చేసేదే, మంచి పద్ధతే. రూపం ఒకటే అయినా లోపలి పిన్నుల అమరిక వేరుగా ఉండే రిలేలు ఉంటాయి కాబట్టి నంబరు సరిచూసుకోవాలి. తర్వాత రిలే పీకి, సాకెట్‌లో 30, 87 రంధ్రాలను 15 ఆంపియర్ల ఫ్యూజున్న తీగతో కలపాలి. పంప్ తిరిగితే తప్పు ఆజ్ఞ వైపు ఉంది: రిలే, తాళం నుంచి వచ్చే 12 వోల్టులు, ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజన్‌ను అడ్డుకునే ఏర్పాటు) లేదా ఈసీఎం ఇవ్వాల్సిన ఎర్త్. తిరగకపోతే 30లో సప్లై ఉందో లేదో చూసి, 87 నుంచి వెనక్కు వెతకాలి.

85వ పిన్నులో ఈసీఎం ఎర్త్ ఇస్తోందో లేదో చూసేటప్పుడు మాత్రం హెడ్‌లైట్ బల్బు లాంటి బరువైనది పెట్టకూడదు. ఆ పిన్ను వెనకున్న ట్రాన్సిస్టర్ ఆంపియర్‌లో చిన్న వంతు మోయడానికే తయారైంది. ఎల్‌ఈడీ టెస్ట్ ల్యాంప్ వాడాలి. స్కానర్‌లో పి0230 కనిపిస్తే అది సాధారణంగా ఈ ఆజ్ఞ దారి గురించే చెబుతోంది, పంప్ గురించి కాదు. "ఫ్యూయల్ పంప్ సర్క్యూట్" అన్న మాట తెర మీద చూసి పంప్ ఆర్డర్ పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు.

12 వోల్టులు ఎందుకు మోసం చేస్తాయి

డిజిటల్ మీటర్ లోపలి నిరోధం సుమారు కోటి ఓమ్‌లు. అందులోంచి పారే కరెంట్ ఆంపియర్‌లో పది లక్షల వంతుకు కాస్త ఎక్కువ, అంతే. తీగలో చిలుము వల్ల ఏకంగా వెయ్యి ఓమ్‌ల అడ్డంకి ఉన్నా, అంత చిన్న కరెంట్‌కు అక్కడ తగ్గేది వోల్టులో వెయ్యో వంతే. కాబట్టి కప్లర్ విప్పి చూస్తే మీటర్ నిండు 12 చూపిస్తుంది. అదే దారిలో పంప్ 5 ఆంపియర్లు అడిగితే ఒక్క ఓమ్ అడ్డంకి చాలు, నాలుగైదు వోల్టులు మధ్యలోనే పోతాయి. పంప్‌కు మిగిలేది ఏడెనిమిది.

లైన్ చివరనున్న బోరు మోటార్ల సంగతి తెలిసినవారికి లో వోల్టేజీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అయితే ఒక తేడా ఉంది. బోరు మోటార్ వోల్టేజీ తగ్గితే ఎక్కువ ఆంపియర్లు లాగి కాలిపోతుంది. కారు పంప్ డీసీ మోటార్ కావడంతో వేగం పడిపోతుంది, ఆంపియర్లు పెద్దగా పెరగవు, ఫ్యూజు ఎగరదు. అందుకే ఈ జబ్బు గుట్టుగా సాగుతుంది. ఐడిలింగ్‌లో ఇంజన్‌కు కావాల్సిన పెట్రోల్ కొద్దిగానే కాబట్టి తేడా తెలియదు. ఏసీ వేసుకుని లారీని దాటబోయినప్పుడు పికప్ రాక బండి గుంజుకుంటుంది. స్కానర్ పి0087 అని ఒత్తిడి తక్కువని చెప్పొచ్చు, ఫిల్టర్ మారుస్తారు, పంప్ మారుస్తారు. కొత్త పంప్ అదే తక్కువ వోల్టేజీతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది.

వోల్టులు ఏ చోట పోతున్నాయి

దీనికి పద్ధతి వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. ఇది కాస్త ఓపికగా చేయాల్సిన పని, అయితే గంటలో తేలిపోతుంది.

30, 87 కలిపి పంప్ ఆగకుండా తిరిగేలా చేయాలి. కప్లర్ బిగించే ఉండాలి. మీటర్ ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల తీగను కప్లర్ వెనక నుంచి సన్నని పిన్నుతో పంప్ పాజిటివ్ తీగ మీద పెట్టాలి. మీటర్ తీగ బానెట్ నుంచి వెనక సీటు దాకా అందదు. నాలుగైదు మీటర్ల మామూలు వైరు అతికితే సరిపోతుంది, ఎందుకంటే ఆ తీగలో కరెంట్ దాదాపు పారదు, దాని పొడవు కొలతను చెడగొట్టదు. ఇప్పుడు మీటర్ చూపే అంకె మధ్యలో పోయిన వోల్టులు. అర వోల్టు దాకా ఫరవాలేదు. అంతకు మించితే నల్ల తీగను బ్యాటరీ వైపు ఒక్కో మెట్టూ ముందుకు జరపాలి: 87, తర్వాత 30, తర్వాత ఫ్యూజు అవతలి కాలు, ఇవతలి కాలు. అంకె ఏ రెండు మెట్ల మధ్య దభాలున పడిపోయిందో తప్పు ఆ రెంటి మధ్యే ఉంది. అయితే కలిపిన తీగ రిలే కాంటాక్టును దాటేసింది కాబట్టి కాంటాక్టు వంతు ఇందులో రాదు. రిలే మళ్లీ బిగించి, ఇంజన్ నడుస్తుండగా మొత్తం కొలత ఇంకోసారి తీస్తే అదీ బయటపడుతుంది.

ఎర్త్ వైపు కూడా అంతే. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగ పంప్ ఎర్త్ పిన్ను మీద. ఇక్కడ 0.1 నుంచి 0.2 వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదు. చాలామంది పాజిటివ్ వైపే చూసి వదిలేస్తారు. కొన్ని బండ్లలో పెట్రోల్ ముల్లు (ట్యాంకులో ఎంత ఉందో చూపేది), పంప్ ఒకే ఎర్త్ పంచుకుంటాయి. అలాంటి బండిలో పంప్ నీరసించిన రోజుల్లోనే ముల్లు కూడా ఇష్టమొచ్చినట్టు ఊగుతుంటే ముందు విప్పి చూడాల్సింది ఎర్త్ బోల్టే.

పంప్ అసలు తిరగకపోతే ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. పంప్ లోపల కార్బన్లు (తిరిగే మోటార్‌కు కరెంట్ అందించే ముక్కలు) అరిగి దారి తెగిపోయి ఉంటే కరెంట్ పారదు, కాబట్టి తీగలో ఎంత చిలుమున్నా కొలత సున్నానే చూపిస్తుంది. అప్పుడు పంప్ బదులు ఇంకో బరువు పెట్టాలి. పాత హెచ్4 హెడ్‌లైట్ బల్బులో 55 వాట్ల ఫిలమెంట్ ఒక్కటి దాదాపు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే సుమారు పంప్ అంత. కప్లర్‌కు దాన్ని పొడవాటి తీగలతో కలిపి, బల్బును కారు బయట, ట్యాంకుకు దూరంగా ఉంచాలి. వేడెక్కిన బల్బు పెట్రోల్ ఆవిరి దగ్గర ఉండకూడదు. బల్బు తెల్లగా వెలిగి, దాని కాళ్ల మధ్య బ్యాటరీ కంటే ఒక వోల్టుకు మించి తగ్గకపోతే తీగ నిర్దోషి, పంప్ మార్చడం న్యాయం. ఎర్రగా మినుకుమంటే ఎన్ని పంపులు మార్చినా లాభం లేదు.

ఆంపియర్లు కొలవగలిగితే ఇంకాస్త తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలు క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ ఆంపియర్లే తెలుసు, బ్యాటరీ కరెంట్‌కు డీసీ క్లాంప్ కావాలి. లేదంటే ఫ్యూజు పీకి ఆ రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టొచ్చు. పని అయ్యాక ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే. వోల్టులు నిండుగా ఉండి ఆంపియర్లు మామూలు కంటే బాగా ఎక్కువైతే ఫిల్టర్ మూసుకుపోయి గానీ, చెత్తకు పట్టేసి గానీ పంప్ కష్టపడుతోంది. వోల్టులు నిండుగా ఉండి ఆంపియర్లు తక్కువైతే కార్బన్లు అరిగాయి, లేదా పంప్ పెట్రోల్ అందక ఉత్తినే తిరుగుతోంది.

ఇక్కడి బండ్లలో ముందు చూడాల్సిన చోట్లు

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. హన్మకొండ, వరంగల్ కాలనీల్లో కార్లు సీట్ల దాకా మునిగాయి. అంత వాన కాకపోయినా లోతట్టు కాలనీల్లో ముసురు పట్టిన వారం చాలు, గుమ్మం పట్టీ కింద వైరింగ్ తడవడానికి. ఫ్లోర్ మ్యాట్ కింది స్పాంజి వారాల తరబడి నీరు పట్టి ఉంచుతుంది. పైన కార్పెట్ ఆరినట్టే ఉంటుంది, అడుగున ఎర్త్ బోల్టు తుప్పు పడుతూనే ఉంటుంది. రాగి పోగుల మధ్య నుంచి నీరు తొడుగు లోపలికి పాకి, తీగ కోసి చూస్తే మెరిసే రాగికి బదులు నల్లటి పొడి రాలుతుంది. ఇదంతా నెలల మీద జరిగే పని. వానల్లో మునిగిన బండి సంక్రాంతికి మొరాయిస్తే ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

వరి కోతల కాలంలో ఎలుకల బెడద. తొడుగు పూర్తిగా కొరికి రాగి బాడీకి తగిలితే ఫ్యూజు ఎగిరి తప్పు తానే బయటపడుతుంది. సగం పోగులు తెగి సగం మిగిలిన తీగే చిక్కు. మీటర్‌కు అది బాగున్న తీగే, 5 ఆంపియర్లకు మాత్రం కాదు.

సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే కార్లు, ఫైనాన్స్ మీద నడిచే ట్యాక్సీలలో జీపీఎస్ ట్రాకర్‌తో పాటు బండిని దూరం నుంచి ఆపే చిన్న రిలే కూడా బిగిస్తుంటారు. అది తరచూ పంప్ తీగనో ఇగ్నిషన్ తీగనో కోసి మధ్యలో పెట్టినదే. తర్వాత వేయించిన ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్లలోనూ గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ పంప్‌ను ఆపడానికి ఇలాంటి కోత పడొచ్చు. టంకం వేయకుండా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మొదటి ఎండాకాలానికే వదులవుతుంది. కంపెనీ వైరింగ్ డయాగ్రంలో ఈ రిలే ఉండదు. డయాగ్రం పట్టుకుని వెతికేవారు దాన్ని దాటిపోయేది అందుకే. సెకండ్ హ్యాండ్ బండి అయితే డాష్‌బోర్డు కింద నల్ల టేపు కొత్తగా కనిపించే చోటు ముందు చూడటం మేలు.

ఇక ట్యాంకు పైన కప్లర్. విప్పగానే పిన్నుల వైపు చూడాలి. పంప్ పిన్నులు రెండూ ముల్లు పిన్నుల కంటే లావుగా ఉంటాయి. వాటిలో ఒకటి రాగి రంగు పోయి గోధుమ రంగుకు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి కాస్త వంగి ఉంటే కారణం అక్కడే ఉంది. పట్టు వదులైన పిన్నులో అర ఓమ్ నిరోధం ఏర్పడితే 5 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి పన్నెండున్నర వాట్లు. గోరంత లోహంలో అంత వేడికి ప్లాస్టిక్ నిలవదు. పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఈ స్థితిలో కొత్త పంప్ వేసి పాత కప్లర్‌నే నొక్కి పెడితే కొత్త పిన్ను కూడా అదే దారి పడుతుంది. వైరింగ్ వైపు కప్లర్ ముక్కనూ మార్చి, అతుకు టంకం వేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ తొడగాలి.

ఫ్యూజు గురించి ఒక్క మాట. 15 పోతే 30 వేయడం, కాళ్లకు రాగి పోగు చుట్టడం బండిని ఇంటికి చేర్చొచ్చు. తర్వాత షార్ట్ అయితే ఫ్యూజు బదులు తీగ కాలుతుంది, ఆ తీగ పోయేది పెట్రోల్ ట్యాంకు మీదికి.

వేడికి ఆగి, చల్లారాక నడిచేవి

రోహిణి కార్తెలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటిన రోజుల్లో బండి ఆగి, అరగంట నీడన నిలిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు వెళ్లేసరికి అన్ని కొలతలూ సరిగ్గానే ఉంటాయి. ఇలాంటి బండిని ఆగిన చోటే పట్టుకోవాలి. ఆగిన వెంటనే తాళం ఆన్ చేసి రెండు సెకన్ల శబ్దం వినాలి. శబ్దం ఉంటే క్రాంక్ సెన్సర్ వైపు, లేకపోతే రిలే, పంప్ వైపు. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో నాలుగు తట్లు తట్టగానే పంప్ అందుకుంటే కార్బన్లు అరిగినట్టే. ఆ తట్టుకు కార్బన్ ముక్క జరిగి మళ్లీ కొద్దిసేపు ఆనుతుంది. అది మరమ్మతు కాదు, ఇల్లు చేరడానికి గడువు.

రిజర్వ్‌లో నడిపే అలవాటు కూడా ఇక్కడ లెక్కకొస్తుంది. పంప్‌ను చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. మేడారం జాతరకు పస్రా దారిలో గంటల తరబడి వరుసలో నిలిచే బండ్లలో ట్యాంకు పావు వంతు కంటే తక్కువుంటే పంప్ పెట్రోల్‌లో పూర్తిగా మునగక, తనలో తాను వేడెక్కుతుంది.

ఈ పద్ధతి పనికిరాని బండ్లు

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లు కొన్నింటిలో రిలే బదులు పంప్ కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. అది కరెంట్‌ను సెకనుకు వేలసార్లు ఆపుతూ ఇస్తూ వేగం మారుస్తుంది. పంప్ దగ్గర మీటర్ 7 వోల్టులు చూపించినా అది తప్పు కాకపోవచ్చు. మూడు లావు తీగలతో వచ్చే బ్రష్‌లెస్ పంపులకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే పాడవుతాయి. ఇలాంటి వాటికి స్కానర్‌తో పంప్‌ను తిప్పించి చూసే యాక్చువేటర్ టెస్టు, ఆ బండి డయాగ్రం తప్పనిసరి.

ఇథనాల్ అనుమానం కూడా ఈ కొలతలయ్యాకే. ట్యాంకులో నీరు చేరితే ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. పంప్ పీల్చేది ఆ అడుగునే. అప్పుడు పంప్ శబ్దం ఉంటుంది, వోల్టులు, ఒత్తిడి అన్నీ ఉంటాయి, ఇంజన్ మాత్రం అందుకోదు. ఫిల్టర్ దగ్గర పైపు విప్పి గాజు సీసాలోకి కాస్త పట్టి పావుగంట కదపకుండా ఉంచితే రెండు పొరలుగా తేలిపోతుంది. పైపు విప్పే ముందు పంప్ ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టి ఒత్తిడి దించాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పి పక్కన పెట్టాకే ట్యాంకు వైపు స్పానర్ పట్టాలి.